మూరెడు చోటు

రేపు మధ్యాహ్నానికి జీపు వస్తుంది.
దుల్మా ఒడిలో తొమ్మిది రోజుల మనిషి ఉంటాడు.
ఆసుపత్రిలో తూచారట, మూడు కిలోల రెండు వందలు.
మా గెర్ బరువు నాకు తెలుసు.
విప్పి కడితే రెండు ఒంటెలు మోయాలి.
అంత ఇంట్లో మూరెడు చోటు తేలడం లేదు.

గుండ్రటి ఇల్లు కదా,
ఓ మూలన పడుకోబెడదాం అనడానికి
మూలే లేదు.

అడక్కుండానే చెప్పింది అత్త ఖాండ్‌సురెన్:
తూర్పు గోడకి ఆనించి, ఉన్ని మీద, గట్టిగా చుట్టి.
ఏడుగురినీ అక్కడే పెంచానంది.
ఏడుగురినా? అన్నాను.
ఆవిడ పొయ్యిలో మరో ఎండుపిడక వేసింది.
కన్నది ఏడుగురిని. పెరిగింది ఐదుగురు.
ఆ తీసివేత మా ఇంట్లో ఎవరం చెయ్యం.

నర్సమ్మ ఫోన్లో వేరే చెప్పింది:
వెల్లకిలా పడుకోబెట్టండి, విడిగా,
మొహం దగ్గర ఉన్ని ఉండకూడదు.
ఉన్ని లేని చోటు!
అమ్మా, మా గోడలే ఉన్ని.

అందరూ కునుకు తీశాక
నేనే పడుకుని చూశాను.
గొర్రెల కాపరిని, నాకు తెలిసిన కొలత అదొక్కటే.

ముందు ఉత్తరాన, తలుపుకి ఎదురుగా,
పెద్దల ఫొటోల కింద.
ఇంట్లో అంతకంటే మర్యాదైన చోటు లేదు.
తలుపు సందులోంచి గాలి
సూదిలా వచ్చి సరిగ్గా ముక్కుపుటంలో దిగింది.
మర్యాదకి చలెక్కువ.

పొయ్యి పక్కన
ఎడమ చెంప ఎండాకాలం, కుడి చెంప మంచు.
ఒక నిప్పురవ్వ వచ్చి
చొక్కా చేతికి కందిగింజంత కన్నం పెట్టి పోయింది.

ఉయ్యాల కడదామని వాసానికి తాడేసి లాగాను.
బయట గాలి లేచింది,
ఎనభై ఒక్క వాసాలూ ఒక్కసారే మూలిగాయి.
అత్త నిద్రలో అటు తిరిగింది.

చివరికి మా మంచం. దుల్మా వైపు.
దిండుకి ఇంకా ఆమె తలవాసన ఉంది.
ఇదే, ఇంకెక్కడా కాదు, అనుకున్నాను.
కళ్ళు మూతపడుతుండగా
నా మోచెయ్యి గుర్తొచ్చింది.

పోయిన వసంతం.
పాలసారా రెండు గిన్నెలు,
వెచ్చగా ఉంటుందని నా కోటులో కొత్త గొర్రెపిల్ల.
తెల్లారాక ఆనూకి చెప్పాను, చలికి పోయిందమ్మా అని.
ఆరేళ్ళ పిల్ల.
ఏడవలేదు. నా వంకే చూసింది.

లేచాను.
మంచం కాళ్ళవైపు, పొయ్యికి రెండడుగుల అవతల,
ఈ ఏటి పిల్లలు నాలుగూ ముద్దగా పడుకుని ఉన్నాయి.
వాటి మధ్య దూరాను.
గాలి లేదు. రవ్వ రాదు.
వేడి ఇక్కడికి నెమ్మదిగా,
చుట్టం ఇంటికి వచ్చినట్టు, దగ్గి మరీ వస్తుంది.
గొర్రెలు నాకంటే ముందే వెతుక్కున్నాయి.

నాన్నా, అది చుక్క చోటు.
చీకట్లో ఆనూ గొంతు.
తమ్ముడికిస్తావా? అన్నాను.
చాలాసేపు ఆలోచించింది.
మరి చుక్క?
చూద్దాంలే, ఎక్కడో...
నీ పక్కన మాత్రం వద్దు, అంది.

నేనేం మాట్లాడలేదు.
గొర్రెపిల్ల ఒకటి నా చెవి నాకింది.

పొద్దున్నే పాత టీ పెట్టె పలకలు విప్పి చిత్రిక పట్టాను.
అడుగున మడతపెట్టిన చద్దరు, బిగుతుగా, అంతే.
మంచం తలవైపు కాళ్ళవైపుకి తిప్పేశాను.
దుల్మా చెయ్యి చాపితే అందుతుంది.
నేను గోడవైపు.
చుక్క ఆనూ కాళ్ళ దగ్గర, తాడుతో.

అత్త వచ్చింది. పెట్టెలో అరచెయ్యి పెట్టి
సేపు ఉంచింది, తడి చూస్తున్నట్టు.
తర్వాత కాలితో
జానెడు తూర్పుకి జరిపింది.

జరగనిచ్చాను.
దూరంగా, రోడ్డు లేని చోట, దుమ్ము లేస్తోంది.